మా తండ్రిగారి బుల్లెట్టు, దాని సిలిండరు హెడ్డు

ప్రతి సంవత్సరమును ఈ పత్రికకు నేను భౌతికశాస్త్రమును గూర్చియే ఏదో యొకటి వ్రాయుచుంటిని. గ్రహణములను గూర్చి యొకమారు, ఇంద్రధనుస్సును గూర్చి యొకమారు వ్రాసితిని. ఈ సంవత్సరము సంపాదకులుగారు నవ్వుచు, "మీ పెరటిలోని శబ్దమును గూర్చి వ్రాయరాదా?" అని యడిగిరి. సెలవులలో మా యింటి ప్రక్క వీధిని పోవు విద్యార్థులు ఆ కీచుమను శబ్దమును విని, మాస్టారు పండ్ల డాక్టరు పని నేర్చుకొనుచున్నారని వదంతి పుట్టించిరట! అది పండ్ల పని కాదు. ఒక మోటారు సైకిలు ఇంజను యొక్క సిలిండరు హెడ్డులో గాలి పోవు మార్గములను ఇంటివద్దనే చెక్కి సరిచేయుట నేర్చుకొనుచుంటిని. పనివారు దీనిని పోర్టింగు అందురు. నేర్చుకొనుటకు రెండు వేసవులు పట్టెను. మొదటి వేసవిలో నేను చేసినది చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నది గాని, దానిని విడిచిన యెడల మిగిలిన కథ నిలువదు.

ఆ బండి మా తండ్రిగారిది. మద్రాసునకు ఉత్తరముననున్న తిరువొత్తియూరులో తయారైన పాతకాలపు 350 బుల్లెట్టు. కుడికాలితో గేరు మార్చవలసిన రకము. ఆయన గ్రామ సువార్తికులుగా నుండిన దినములలో, 1986వ సంవత్సరమున, ఒక కాంట్రాక్టరు వాడిన బండిని కొనిరి. శృంగవరపుకోట నుండి అనంతగిరి ఘాటు మీదుగా కొండ గ్రామములకు, వెనుక సీటుపై హార్మోనియము పెట్టె కట్టుకొని, ఇరువది ఏండ్లు దానిమీదనే తిరిగిరి. నేను ఈ కథ ఆరంభించిన 2022వ సంవత్సరమునకు ఆయనకు 84 ఏండ్లు. నడపజాలరు. అయినను ఆదివారము ఆరాధనకు నేను బండి తీయునపుడు వరండాలో కుర్చీ వేసికొని, అది వీధి మలుపు తిరుగు వరకు ఆ శబ్దమును వినుట ఆయన అలవాటు. తాళపుచెవి నా చేతికిచ్చిన దినమున, "దీన్ని ఎవరికీ ఎరువియ్యకు" అని మాత్రమే అనిరి. హెడ్డు విప్పవద్దని అనలేదు. ఇది నేను వెదకికొన్న మొదటి సాకు.

విప్పవలసిన యవసరమేమనగా, 2021వ సంవత్సరపు క్రిస్మసు వారములో నేనును నా భార్యయు ఆ ఘాటు ఎక్కుచుండగా ఒక ఏటవాలు మలుపులో ఇంజను రొప్పి రొప్పి నిలిచిపోయెను. ఆమె దిగి నడువవలసి వచ్చెను. "మామయ్యగారు హార్మోనియం పెట్టుకుని ఎక్కేవారు. మీరు నన్ను ఎక్కించలేకపోతున్నారు" అని ఆమె నవ్వెను. నేను నవ్వలేదు.

సిలిండరు హెడ్డనగా నేమో తెలియని చిన్న తరగతుల వారికై కొంచెము చెప్పెదను. ఇంజనులో పిస్టను క్రిందికి దిగునపుడు సిలిండరులో వత్తిడి తగ్గును. అప్పుడు ఇన్లెట్ వాల్వు తెరచుకొనగా, బయటి వాతావరణము తన వత్తిడిచేత గాలిని, దానితో కలిసిన పెట్రోలు తుంపరను లోపలికి త్రోయును. ఇంజను పీల్చుచున్నదని మనమందుము గాని, నిజమునకు లోకములోని గాలియే దానిలోనికి త్రోసికొని పోవుచున్నది. తరువాత వాల్వు మూసికొనును, మిశ్రమము నొక్కబడును, స్పార్కు ప్లగ్గు వద్ద మండును, పిస్టను మరల దిగును, కాలిన పొగ ఎగ్జాస్టు వాల్వు గుండ బయటికి పోవును. ఈ రెండు వాల్వులును, ఆ గాలి వచ్చుటకును పొగ పోవుటకును గల రెండు వంకర సొరంగములును హెడ్డులోనే యున్నవి. ఈ సొరంగములనే పోర్టు లందురు.

మా బండి సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు; వెరసి 346 ఘనపు సెంటీమీటర్లు. నిమిషమునకు 5000 చుట్లు తిరుగునపుడు అది నిమిషమునకు 2500 మారులు గాలి తీసికొనవలెను. నిండుగా తీసికొనినచో 865 లీటర్లు! పిస్టను ఒకమారు దిగుటకు పట్టు కాలము సెకనులో వెయ్యింట ఆరు భాగములు మాత్రమే. కనురెప్ప వేయుటకు దీనికి ఎన్నో రెట్ల కాలము పట్టును. ఇంత కొద్ది వ్యవధిలో ఒక వంకర సొరంగములో పరుగెత్తు గాలికి, పోత పోసినపుడు మిగిలిన ఒక గరుకు అంచు గాని, గొంతులోనికి పొడుచుకొని వచ్చిన ఒక గూడు గాని అడ్డమైనచో, అది చిన్న సంగతి కాదు.

ఇది నేను కనిపెట్టినది కాదు. ఇంగ్లాండులో హారీ వెస్లేక్ అను నతడు ఇంజను హెడ్డులలో గాలి ప్రవాహమును కొలుచుటయే తన వృత్తిగా చేసికొనెను. 1948వ సంవత్సరమున లండను మోటారు ప్రదర్శనలో కనబడిన జాగ్వార్ కారు ఇంజను హెడ్డులో అతని పనితనము కలదు. అదే సంవత్సరమున ఫిల్ ఇర్వింగ్ అను ఆస్ట్రేలియా దేశపు ఇంజనీరు మోటారు సైకిళ్ల వేగమును పెంచు విధమును గూర్చి యొక గ్రంథము ప్రచురించెను. న్యూజిలాండు దక్షిణపు కొనయందలి ఇన్వర్‌కార్గిల్ పట్టణములో బర్ట్ మన్రో అను వృద్ధుడు 1920వ సంవత్సరపు మోటారు సైకిలును తన షెడ్డులో దశాబ్దముల తరబడి చెక్కుచు, పిస్టనులను తానే పోతపోసికొనుచు, 1967లో తన 68వ యేట అమెరికాలోని బానివిల్ ఉప్పుమైదానమున గంటకు 183 మైళ్లకు పైగా పరుగెత్తించెను. నన్ను చెడగొట్టినవాడు ఈ మన్రోయే అని నా భార్య నేటికిని అనుచుండును.

మా యూరిలో మెకానిక్కు షాపు నడుపుచున్న ఒక యువకుడు కలడు. నా పాత విద్యార్థి. పేరు వ్రాయవలదని అతడే కోరెను. నా యుద్దేశము చెప్పగా అతడు, "మాస్టారూ, ముందు పాత సామాన్ల కొట్లో పనికిరాని హెడ్డు ఒకటి కొని దాని మీద చెయ్యి తిప్పుకోండి. ఇంట్లో ఉన్న ఒక్క హెడ్డు మీద మొదలెట్టకండి" అనెను. పదవ తరగతి రెండుమారులు వ్రాసి కృతార్థుడైన వానివద్ద నేను నేర్చుకొనుటయా అని నా మనస్సులో నుండెనని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను. తల యూపి వచ్చితిని. మే నెల మొదటి వారములో మా తండ్రిగారి బండి హెడ్డే విప్పితిని.

పనిముట్లు కొద్దియే. కరెంటుతో తిరుగు చిన్న డై గ్రైండరు, దానికి తగిలించు కార్బైడు బర్రులు రెండు, ఎమరీ కాగితపు చుట్టలు, కంటికి అద్దములు, ముక్కునకు గుడ్డ. హెడ్డు అల్యూమినియముతో పోసినది. అల్యూమినియము మెత్తనిది గనుక బర్రు పండ్లలో వెన్నవలె అంటుకొని దానిని మొద్దు చేయును. మాటిమాటికి కిరసనాయిలు రాయుచుండవలెను. ఇది తెలియుటకు నాకు ఒక బర్రు ఖర్చయ్యెను. పొడి జుట్టులోను, చొక్కా కుట్లలోను చేరి రెండు దినముల వరకు గుచ్చుకొనుచుండును.

ఇక నా తెలివితేటలు వినుడు. గొట్టము పెద్దదైనచో నీరు ఎక్కువ పారునని తొట్టి లెక్కలలో నేను ఇరువది ఏండ్లుగా చెప్పుచున్నాను. కనుక కార్బ్యురేటరు తగులుకొను చోట 24 మిల్లీమీటర్లున్న పోర్టు నోటిని 28 వరకు పెంచితిని. పెంచి, అద్దమువలె మెరయునట్లు మూడు దినములు రుద్దితిని. చివరి దినమున, ఎగ్జాస్టు వైపు పని ముగించి బర్రును తీయుచుండగా, అది ఒక్కమారు ఎగిరి ఇన్లెట్ వాల్వు సీటుపై గీత పెట్టెను. ముట్టుకొనరాని చోటున పాత వాల్వునొకదానిని అడ్డుపెట్టి పనిచేయవలెనని తరువాత తెలిసినది. ఆ గీతను పోగొట్టుటకై వాల్వునకు పేస్టు రాసి ఎడతెగక నూరి నూరి సీటును వెడల్పు చేసితిని. అయినను హెడ్డు చూచుటకు ఎంతో అందముగా నుండెను! ప్రక్కింటివారిని పిలిచి చూపితిని. మా తండ్రిగారు వ్రేలు లోపలపెట్టి తడిమి, "బాగా నున్నగా ఉందిరా" అనిరి.

బండి కూర్చితిని. నాలుగు తన్నులకు గాని మొదలు కాలేదు. మొదలైనను నిలుకడగా మ్రోగదు. రహదారిపై ఖాళీగా వేగముగా పోవునపుడు కొంచెము చురుకుగా తోచినదిగాని, వీధిలోను, ఎత్తు ఎక్కునపుడును పట్టు మునుపటికంటె తగ్గెను. కారణము ఇప్పుడు లెక్కతో చెప్పగలను. 5000 చుట్ల వద్ద పిస్టను సగటున సెకనునకు 15 మీటర్లు నడచును. సిలిండరు అడ్డుకోతను పోర్టు అడ్డుకోతతో భాగించి హెచ్చవేసినచో, 24 మిల్లీమీటర్ల పోర్టులో గాలి సగటున సెకనునకు 128 మీటర్లు పరుగెత్తవలెను; 28 మిల్లీమీటర్లలో 94 మీటర్లే. ఘాటు ఎక్కునపుడు ఇంజను ఇందులో సగము వేగముననే తిరుగును గనుక 47కు దిగిపోవును. పరుగెత్తు గాలికి బరువున్నది. పిస్టను అడుగునకు చేరి మరల పైకి వచ్చుట మొదలిడినను ఇన్లెట్ వాల్వు కొంతసేపు తెరచియే యుండును. వేగముగల గాలి ఆ కొద్దిసేపు కూడ తన ఊపున లోపలికి వచ్చుచుండును. మందగించిన గాలిని పిస్టను వెనుకకు నెట్టివేయును. పెట్రోలు తుంపరయు తేలక గోడలకు అంటుకొనును. అద్దమువంటి నునుపు దానికి మరింత సహాయము చేయును. పైగా 24 నోరుగల కార్బ్యురేటరు నుండి 28 సొరంగములోనికి గాలి దూకవలసి వచ్చెను. తొట్టిలోని నీరు నిలకడగా పారునది. ఇంజనులోని గాలి ఆగుచు కదలుచు పోవునది. ఇంత భేదమున్నదని ఆ తొట్టి లెక్కలలో లేదు.

ఆ ఆదివారము బండి తీయుచుండగా మా తండ్రిగారు వరండాలోనుండి, "ఎలా ఉందిరా?" అని యడిగిరి. "చాలా బాగుంది నాన్నగారూ" అని చెప్పితిని. ఆయన మరేమియు అనలేదు.

ఆ మాట నిజము చేసికొనవలెనని కాబోలు, దసరా సెలవులలో గాలిని కొలుచు పరికర మొకటి కట్టితిని. సిలిండరు వ్యాసమునకు సరిపడు గొట్టముపై హెడ్డును నిలిపి, క్రిందనుండి వాక్యూము క్లీనరుతో గాలిని లాగవలెను. వాల్వును ఒక మరతో 2, 4, 6 మిల్లీమీటర్ల చొప్పున తెరువవలెను. రంగునీరు పోసిన యు ఆకారపు గొట్టములు రెండు. ఒకటి హెడ్డు క్రింది వత్తిడి ఎంత తగ్గినదో చూపును; దానిని ఎల్లప్పుడు ఒకే గీతయొద్ద నిలుపవలెను. రెండవది, గాలి దారిలో నమర్చిన రంధ్రపు పలక కిరుప్రక్కల వత్తిడి భేదమును చూపును. ఆ భేదము యొక్క వర్గమూలమును బట్టి ప్రవాహము హెచ్చును. 1738లో బెర్నూలీ ప్రచురించిన గ్రంథముతో ఆరంభమైన శాస్త్రమునకు వాక్యూము క్లీనరు తగిలించితిననుకొనుడు. గాలి లోపలికి ప్రవేశించు నోటిచుట్టు గుండ్రని పెదవి లేనిచో అంచువద్ద గాలి చెదరి లెక్కలు తప్పును. బంకమట్టి దొరకక, నా భార్య చపాతీలకు తడిపిన పిండిని అడిగి తెచ్చి పెదవి చేసితిని. ఆ రాత్రి మేము అన్నమే తింటిమి.

పోల్చి చూచుటకు చెక్కని హెడ్డు కావలెను గదా. నా యొక్క హెడ్డును కొలువక మునుపే చెక్కివేసితిని! సైన్సు మాస్టరు చేయదగిన పనియేనా? ఆ యువకుని షాపునుండి చెక్కని హెడ్డు ఒకటి ఒక దినమునకు ఎరువు తెచ్చితిని. రాత్రి పదిగంటలవేళ పిల్లలు నిద్రించిన తరువాత కొలిచితిని. వాల్వు 6 మిల్లీమీటర్లు తెరచినపుడు నా హెడ్డు కొంచెము మెరుగు. 4 వద్ద రెండును సమానము. 2 వద్ద చెక్కని హెడ్డునకు నీటిమట్టము 6.3 సెంటీమీటర్లు చూపెను. నా హెడ్డునకు 5.8. మూడుమారులు కొలిచితిని. మూడుమారులును 5.8. పుస్తకము తీసి గడిలో వ్రాసితిని. వ్రాసినది చూచుకొనగా 6.8 అని యుండెను.

కలము పొరపాటని చెప్పుకొనుటకు వీలులేదు. ఏమి వ్రాయుచున్నానో నాకు తెలియును. ఆ పుస్తకమును చూచువారెవరును లేరు, దానికి మార్కులును లేవు. ప్రతి సంవత్సరము ఫిబ్రవరిలో రికార్డులు దిద్దునపుడు, అందరికిని ఒకే జవాబు వచ్చిన తరగతిని నిలువబెట్టి, "కొలిచినారా, వండినారా?" అని అడుగువాడను నేనే. ఆ గడిని కొట్టివేసి ప్రక్కన 5.8 అని వ్రాసి, దీపమార్పి చాలసేపు ఆ షెడ్డులోనే కూర్చుంటిని.

మరునాడు ఎరువు తెచ్చిన హెడ్డుతోపాటు నా హెడ్డును, పుస్తకమును ఆ యువకుని ముందు పెట్టితిని. అతడు వ్రేలితో లోపల తడిమి, టార్చి వేసి చూచి, "పుండు ఎక్కడుందో చూడకుండా చుట్టూ కోసేశారు మాస్టారూ" అనెను. తరువాత పుస్తకము త్రిప్పి, కొట్టివేసిన 6.8 వద్ద ఆగెను. ఏమియు అడుగలేదు. నేనే చెప్పితిని. అతడు నవ్వి, "నాకు కటకం ప్రయోగంలో ఐదుకి రెండు వేశారు, గుర్తుందాండీ?" అనెను.

నాకు గుర్తులేదు. అతడు చెప్పగా విషయము తెలిసినది. 2009లో కుంభాకార కటకము యొక్క నాభ్యంతరము కనుగొను ప్రయోగములో అందరికిని 10 సెంటీమీటర్లు వచ్చెను. ఇతనికి 11.5 వచ్చెను. మరల చేయుమని పంపితిని. మరల 11.5 వ్రాసి తెచ్చెను. అశ్రద్ధ అని వ్రాసి రెండు మార్కులు వేసితినట. "పెట్టె మీద పది అని రాసుందండీ. అందరూ అదే రాశారు. ఆ కటకం పదకొండున్నరేనండి, కావాలంటే చూసుకోండి" అనెను. కోపముగా అనలేదు, చేతిలోని బోల్టుకు నూనె రాయుచునే యనెను.

సెలవుల తరువాత బడి తెరచిన దినమున ప్రయోగశాలకు పోయి ఆ పెట్టె తీసితిని. కిటికీకెదురుగా, మైదానము ఆవల నున్న వేపచెట్టు యొక్క బింబమును గోడపై నిలిపి స్కేలు పెట్టితిని. పదకొండున్నర. ఏ సంవత్సరముననో ఎవరో ఒక పెట్టెలోని కటకము మరియొక పెట్టెలో పెట్టియుందురు. ఎన్ని తరగతులు దానితో పది వ్రాసెనో, ఎందరికి నేను అయిదునకు అయిదు వేసితినో లెక్క చెప్పజాలను. ఇప్పుడు పెట్టెమీది చీటీ మార్చితిని. సాయంకాలము అతని షాపునకు పోయి తరగతిలో నిలువబెట్టినందుకు క్షమింపుమని కోరితిని. షాపులో మరి నలుగురుండిరి. అతడు తడబడి, టీ తెమ్మని పిల్లవానిని పంపెను.

మా తండ్రిగారితో చెప్పుట అంత సులభముగా జరుగలేదు. 2023 జనవరి వరకు నోరు రాలేదు. ఒక ఆదివారము ఆరాధన నుండి వచ్చి, ఆయన కాళ్లయొద్ద మెట్టుపై కూర్చుండి, "నాన్నగారూ, మీ బండి హెడ్డు నేను పాడుచేశాను. బాగుందని అబద్ధం చెప్పాను" అంటిని. ఆయన కొంతసేపు వీధివైపు చూచి, "మొదటి ఆదివారమే తెలిసింది రా. మలుపు తిరిగేటప్పుడు గొంతు మారింది. నువ్వే చెబుతావని చూస్తున్నాను" అనిరి. ఎనిమిది నెలలు! తరువాత, "మరి బాగవుతుందా?" అని యడిగిరి.

విశాఖపట్టణములో పాత సామానుల కొట్టునుండి ఇంకొక హెడ్డు కొంటిమి. రెండవ వేసవి ఆ యువకుడే గురువు, నేను శిష్యుడను. మొదటి వారమంతయు అతడు నన్ను గ్రైండరు ముట్టనీయలేదు. తడుముట, కొలుచుట, గుర్తులు పెట్టుట మాత్రమే. సొరంగము ఎంత పట్టునో తెలిసికొనుటకు కిరసనాయిలు పోసి కొలువవలెననగా, ప్రధానోపాధ్యాయులవారి అనుమతితో బడి బ్యూరెట్టును తీసికొనిపోయితిని. (మరల కడిగి అప్పగించితిని.)

పని యంతయు వాల్వు దగ్గరి ఒక అంగుళములోనే యున్నదని అప్పుడు బోధపడెను. వాల్వు కొద్దిగా తెరచుకొన్నపుడు గాలికి దారి వాల్వు చుట్టునున్న సన్నని సందు మాత్రమే. వాల్వు తన వ్యాసములో నాలుగవవంతు పైకి లేచువరకు ఆ సందు వాల్వు వైశాల్యమునకు సమానము కాదు. అంతవరకు వెనుక సొరంగము ఎంత పెద్దదైన నేమి? ఇరుకైన గుమ్మము గల ఇంటికి వీధిని వెడల్పు చేసినట్లే. కనుక మొదట సీటు. 45 డిగ్రీల సీటునకు పైన 30, క్రింద 60 డిగ్రీల కోత కోసి, గాలి మెట్లు దిగినట్లుగాక వాలుగా దిగునట్లు చేయవలెను. ఇన్లెట్ సీటు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పు చాలును. ఎగ్జాస్టు సీటు మరికొంచెము వెడల్పుండవలెను. ఏలయనగా ఆ వాల్వు తన వేడిని సీటుద్వారానే హెడ్డునకు దింపుకొనవలెను. ఈ కోతలు అతని చేతి కట్టరులతోనే జరిగెను. అందులకు 400 రూపాయలు తీసికొనెను. నేర్పినందుకు ఏమియు తీసికొనలేదు. తరువాత సీటునకు నీలిరంగు రాసి, వాల్వు ఒత్తి త్రిప్పి, ముద్ర చుట్టును తెగకుండ పడినదో లేదో చూచితిమి. పోర్టులో కిరసనాయిలు పోసి పావుగంట ఉంచితిమి. చుక్క కారలేదు.

ఆ తరువాత, సీటు క్రింది గొంతు. వాల్వు గైడు చుట్టునున్న పోత గూడు గాలికి అడ్డముగా మొద్దువలె నుండెను. దానిని పడవ ముక్కువలె సన్నగా చేసితిమి, కాని గైడునకు బలము పోవునంతగా కాదు. అన్నిటికంటె కష్టమైనది మలుపు లోపలి వంపు. సొరంగము అడ్డముగా వచ్చి వాల్వు వైపు క్రిందికి తిరుగుచోట, లోపలి వైపు వంపు కురుచగా నుండును. వేగముగా వచ్చు గాలి ఆ కురుచ వంపు తిరుగలేక, ఘాటు మలుపులో బస్సులోనివారు ఒక ప్రక్కకు ఒరిగినట్లు, వెలుపలి గోడకు కొట్టుకొనును. లోపలి ప్రక్క సుడి మిగులును. అక్కడ ఎక్కువ తీసినచో వంపు మరింత కురుచయగును. పదునైన అంచును మాత్రము గుండ్రని చేయవలెను. ఆ పని నేను చేతితో ఎమరీ కాగితము చుట్టిన పుల్లతోనే రెండు దినములు చేసితిని. గ్రైండరు పట్టుటకు ధైర్యము చాలలేదు. అతడు దానిని మెచ్చుకొనెను. నోరు 24 మిల్లీమీటర్లే యుంచితిమి. ఇన్లెట్ గోడలను 80 నంబరు ఎమరీ గరుకుతో విడిచితిమి. ఎగ్జాస్టును మాత్రము కొంచెము నునుపు చేసితిమి.

ఒక మాట ఇచ్చట చెప్పవలెను. రహదారిపై తిరుగు బండ్లలో మార్పులకు 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము హద్దులు పెట్టినది. మేము కార్బ్యురేటరును గాని, సైలెన్సరును గాని, కొలతలను గాని మార్చలేదు. పోతలో మిగిలిన లోపములను తీసితిమి. పొగ పరీక్ష చేయించి చీటీ తీసికొంటిమి. మీ తండ్రుల బండ్లపై ఈ వ్యాసము చదివి చేయి వేయవలదని పై తరగతుల వారికి ప్రత్యేకముగా చెప్పుచున్నాను. ఎవరిని ఉద్దేశించి వ్రాయుచున్నానో వారికి తెలియును.

మరల చపాతీ పిండి, రంగునీరు, వాక్యూము క్లీనరు. ఈమారు చెక్కక మునుపు ఒకమారు, చెక్కిన పిదప ఒకమారు కొలిచితిమి. నేను మట్టము చదువగా, అతడు వ్రాసెను; తరువాత అతడు చదువగా, నేను వ్రాసితిని. మూడు ఎత్తులయందును మెరుగే. 2 మిల్లీమీటర్ల యొద్ద ఎక్కువ మెరుగు. 6 యొద్ద స్వల్పము, అది నా యాశకు తక్కువే. ఉన్నది ఉన్నట్లు పుస్తకములో నున్నది.

హెడ్డు బిగించునపుడు నట్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించితిమి. ఇంజను చల్లగా నున్నపుడు పుష్ రాడ్డు వ్రేళ్లతో త్రిప్పిన తిరుగవలెను, పైకి క్రిందికి ఆడకూడదు, అట్లు సరిచేసితిమి. మా తండ్రిగారు కుర్చీ షెడ్డులోనికే వేయించుకొనిరి. రెండవ తన్నునకు మొదలాయెను. ఆయన కన్నులు మూసికొని వినుచుండిరి. ఏమందురోయని నేనును ఆ యువకుడును పరీక్షా ఫలితములకు నిలిచిన పిల్లలవలె నుంటిమి. "ఇంకొంచెం నెమ్మదిగా తిరగనీ" అనిరి. స్క్రూ పావుచుట్టు త్రిప్పితిని. "ఊఁ" అనిరి.

ఆ సంవత్సరము వానలు వెలిసిన తరువాత ఆయననే వెనుక కూర్చుండబెట్టుకొని ఘాటు ఎక్కితిని. ఇద్దరికిని హెల్మెట్లు. ఆయనకు వయస్సు మీరినదని, నా భార్య తన చీరె యొకటి మడిచి ఆయన నడుమును నా నడుమును కలిపి కట్టి, తాను పిల్లలతో బస్సులో బయలుదేరెను. ఆమె దిగి నడచిన మలుపు వచ్చెను. బండి రెండవ గేరులో, రొప్పక, ఒకే శబ్దముతో ఎక్కుచుండెను. అలవాటుచేత మొదటి గేరునకు కాలు కదిపితిని. వీపుపై ఆయన చేయి తట్టెను. "వద్దు, ఎక్కుతుంది" అనిరి. ఎక్కెను.

మొదటి వేసవి పాడుచేసిన హెడ్డును ఆ యువకుడు హేక్సాతో నిలువుగా రెండుగా కోసి ఇచ్చెను. సొరంగము, మలుపు, గైడు గూడు అన్నియు దానిలో చక్కగా కనబడును. నేను అత్యాశతో గీకిన చోట గోడ ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే మిగిలియున్నది. వెర్నియరు పెట్టి చూడవచ్చును. అది మన ప్రయోగశాలలో కటకముల పెట్టె ప్రక్క అరలో నున్నది. కొలతల పుస్తకమును, కొట్టివేసిన గడితోకూడ, దాని క్రిందనే పెట్టితిని. శనివారము మధ్యాహ్నము మూడు గంటలకు తలుపు తెరచియుండును.